పౌనే తీన్ మీటర్ల లేసు

మిశ్రమ భిన్నం, అపక్రమ భిన్నం... ఈ పేర్లు విని ఎన్నేళ్లయిందో కదండీ! మా ఇంట్లో మాత్రం నెల రోజులుగా ఇదే భజన. మా అమ్మాయి ఆరో తరగతి. "పూర్ణాంకాన్ని హారంతో గుణించు, లవం కలుపు, హారం అలాగే ఉంచు" అని ట్యూషన్లో బట్టీ పట్టించారు. గడగడా అప్పజెబుతుంది. తీరా 2 3/4 ఇస్తే ఒకసారి 11/4 అంటుంది, ఇంకోసారి 2ని 3తో గుణించి 4 కలిపి 10/4 అంటుంది. ఎందుకు గుణించాలే అంటే "రూల్ మమ్మీ" అని జవాబు. అంతవరకైతే ఫర్వాలేదు, "నాకు లెక్కలు రావులే" అనడం మొదలుపెట్టింది. పదకొండేళ్లకే ఆ మాట మనసులో పడితే ఇక లెక్కల వైపు చూస్తుందా? నాకు భయమేసింది.

జనవరిలో ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఓ లెక్కల గైడు కొన్నాం. అందులోనూ అదే రూలు! అక్కణ్ణుంచి అత్తయ్య సరదా పడ్డారని నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ నుమాయిష్ అంటే ఆవిడకి పుట్టింటి జాతరే.

లేసుల స్టాల్లో పెద్దాయన మిగిలిన ముక్క కొలిచి "పౌనే తీన్ మీటర్ హై, పూరా లేలో అమ్మా" అన్నాడు. మా పిల్ల తెల్లమొహం వేసింది.

"మూడుకి పావు తక్కువ. మనం రెండుముప్పావు అంటాం" అన్నారు అత్తయ్య. ఆవిడ చదివింది ఐదో తరగతే. "రెండు రూపాయల ముప్పావలాని అంతా పావలాలుగా మారిస్తే ఎన్నొస్తాయి?"

పావలా చెల్లకుండా పోయింది 2011లో. ఇది పుట్టింది ఆ తర్వాత. రూపాయికి నాలుగని చెప్పాల్సొచ్చింది.

"రెండు రూపాయలకి ఎనిమిది, ఇంకో మూడు... పదకొండు!" అని ఆగింది. "నానమ్మా, నాలుగుతో గుణించేది చిల్లర మార్చడానికా?"

అంతేనండీ. కింద ఉన్న 4 ముక్క పేరు, పావు. పైన 11 ఎన్ని ముక్కలో చెప్పే లెక్క. చిల్లర మార్చినంత మాత్రాన పావలా అర్ధరూపాయి అయిపోదు కదా, అందుకే హారం మారదు. మరి అపక్రమం అంటే తప్పా అని అడిగింది. తప్పేం లేదు, లవం హారం కన్నా తక్కువగా లేదని చెప్పడమే. ఎవరు పెట్టారో గానీ పిల్లల్ని బెదరగొట్టే పేరు!

ఇంటికొచ్చే దారిలో తనే ఇంకో దారి పట్టుకుంది. పౌనే తీన్ అంటే మూడుకి పన్నెండు పావులు, ఒకటి తీసేస్తే పదకొండు. ఇది ఏ గైడులోనూ లేదు.

మర్నాడు 3 2/5 ఇచ్చాను. ఐదుకి పావలాలు పనికిరావు కదా! కాసేపు పెన్సిలు కొరికి, మూడు బొబ్బట్లు గీసి ఒక్కోదాన్ని ఐదు ముక్కలు చేసి, పక్కన మరో రెండు ముక్కలు పెట్టి 17/5 అంది. ట్యూషన్ ఇంకా మాన్పించలేదు లెండి.

ఇప్పుడు వీసం అంటే ఏంటని నానమ్మ ప్రాణం తీస్తోంది. వీసం అంటే పదహారో వంతు. రెండుంబావుకి ఎన్ని వీసాలో మీరూ వేసి చూడండి. మా పిల్ల 36 అంటోంది.