ఒకే పరీక్ష, మూడు వయస్సులు



సి.ఏ. చదువును మా కుటుంబంలో ముగ్గురు చేపట్టారు. మా చిన్నబ్బాయి 18వ యేట, మా పెద్దకోడలు 34వ యేట, మా అల్లుడుగారు 42వ యేట పరీక్ష హాలులో కూర్చున్నారు. మేమిద్దరం పొలం పని తప్ప పద్దుల చదువు ఎరిగినవాళ్ళం కాము. అయినా ముగ్గురి కష్టాన్నీ దగ్గరుండి చూశాము గనుక, పిల్లలను ఈ దారిన పంపదలచిన కుటుంబాలకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ పరీక్షను నడిపే చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949లో పార్లమెంటు చేసిన చట్టం వలన ఏర్పడింది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. నడుమ ఒక ఆడిటరుగారి దగ్గర పని నేర్చుకొనే ఆర్టికల్‌షిప్. వ్రాయడానికి గరిష్ఠ వయస్సంటూ లేదు. ఇరవై యేళ్ళవారికీ నలభై యేళ్ళవారికీ ప్రశ్నపత్రం ఒకటే. అయితే దానికి చెల్లించే వెల అందరికీ ఒకటి కాదని మా యింటిలో తెలిసింది.

చిన్నబ్బాయి 2010లో కాలేజీ ఇంటర్ ముగించి, అప్పటి ప్రవేశ పరీక్షయైన సి.పి.టి. మొదటిసారే గట్టెక్కాడు. గుంటూరులో హాస్టలులో చేర్చాము. తరువాతి మెట్టులో మొదటి గ్రూపు పోయింది. మార్కులు చూస్తే నాలుగు పేపర్లలోనూ 40 దాటాయి. "అన్నీ పాసయితే ఫెయిలెట్లారా?" అని అడిగాము. ఒక్కొక్క పేపరులో 40 వస్తే చాలదట. గ్రూపు మొత్తం మీద నూటికి 50 రావాలట. 400కు 200 కావలసి ఉండగా వాడికి 191 వచ్చాయి. ఆరు నెలల తరువాత మరల వ్రాసి గెలిచాడు. మూడేళ్ళ ఆర్టికల్‌షిప్ చేసి, 2016లో ఫైనల్ ముగించేసరికి వాడికి 24 నిండాయి.

ఆ వయస్సులో వాడికి కాలం ఉంది, జ్ఞాపకశక్తి ఉంది, వాడి మీద ఆధారపడినవారు లేరు. వెల మేము కట్టాము. రెండేళ్ళ మినుము పంట డబ్బు హాస్టలుకే వెళ్ళింది. వాడికి పుస్తకం కంటే లోకుల మాట బరువైంది. ఆరాధన ముగిసి గుడి బయట చెప్పులు తొడుక్కొంటూ "ఇంకా అవలేదా బాబూ?" అని అడిగేవారు. తోటి పిల్లలు బి.టెక్. ముగించి ఉద్యోగాల్లో చేరిన సంవత్సరం వాడు పండుగకు ఇంటికి రాలేదు.

పెద్దకోడలు పెళ్ళికి ముందే ఇంటర్మీడియట్, ఆర్టికల్‌షిప్ ముగించుకొని వచ్చింది. 2015లో ఫైనల్ వ్రాస్తే తప్పింది. ఆ పైన ఇద్దరు పిల్లలు. 2023లో ఒకనాడు "అత్తయ్యా, మామయ్యా, మరల వ్రాస్తాను" అన్నది. అటక మీద పుస్తకాలు దించితే వాటిలో చాలా భాగం పనికిరానివయ్యాయి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది గనుక, ఆమె కంఠతా పట్టిన ఎక్సైజు, సర్వీసు టాక్సు పాఠాలు చాలావరకు చెల్లకుండా పోయాయి. ఆదాయపు పన్ను సంగతులు ఏటేటా బడ్జెటుతో మారుతూనే ఉన్నాయి. మనం చదువు ఆపామని చట్టం ఆగదు గదా!

చిన్నబ్బాయి రోజుకు పది గంటలు చదివేవాడు. ఆమెకు దొరికినవి నాలుగే. తెల్లవారుజామున రెండు, పిల్లలు నిద్రపోయాక రెండు. కాని ఇల్లు నడిపిన మనిషి గనుక గంట విలువ ఆమెకు తెలుసు. 2024 మే పరీక్షకు సెలవుల్లో పిల్లలను మా ఊరు తెచ్చుకొన్నాము. నవంబరు పరీక్షకు మేమే వెళ్ళి వంట, బడి పనులు చూచుకొన్నాము. చిన్నది రాత్రిళ్ళు అమ్మ గది తలుపు దగ్గరే చాప వేసుకొని పడుకొనేది. మేలో ఒక గ్రూపు, నవంబరులో రెండవది పాసయింది. ఇక్కడ వెలను ఇంటిల్లిపాదీ పంచుకొన్నారు, ఆ చిన్నపిల్లతో సహా.

అల్లుడుగారు ఒక సహకార సంఘంలో గుమస్తా. బి.కామ్.లో 55 శాతానికి పైగా ఉన్నందున నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరారు. ఇరవై యేళ్ళుగా పద్దులు వ్రాసిన చేయి గనుక లెక్కల పేపరు ఆయనకు సులువైంది. సెక్షన్ల నంబర్లు మాత్రం ఉదయం చదివితే సాయంత్రానికి నిలవడం లేదని నవ్వేవారు. 2025 జనవరిలో ఒక గ్రూపు పాసయ్యారు.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. రెండవ గ్రూపు కూడా అయితే ఆర్టికల్‌షిప్ చేయాలి. 2023 నుండి అది మూడేళ్ళ బదులు రెండేళ్ళు అయింది. అయినా ఆ రెండేళ్ళూ ఉద్యోగం వదులుకోవాలి, కొద్దిపాటి స్టైపెండుతో గడపాలి. వారి పెద్దమ్మాయి ఆ యేడే కాలేజీలో చేరవలసి ఉంది. ఒక రాత్రి అందరం కూర్చున్నాము. ఆయన కాగితం మీద అద్దె, ఫీజులు, బియ్యం అన్నీ వ్రాసి, కూడి, కలం మూసి పెట్టారు. "ఆపేస్తాను మామయ్యగారూ. చేతకాక కాదు, లెక్క చూచి" అన్నారు. మా అమ్మాయి ఏడ్చింది. కాదనడానికి మాకు మాట దొరకలేదు. ఆ వెల కట్టవలసింది ఆ పిల్ల, ఆమెను మేము అడగలేదు, తండ్రి అడగదలచుకోలేదు. ఈ రోజు సంఘంలో ఆస్తి అప్పుల పట్టీ అర్థం కాని సభ్యులు ఆయన దగ్గరకే వస్తున్నారు. చదివిన చదువు ఎక్కడికీ పోలేదు.

గనుక తల్లిదండ్రులారా, ఈ పరీక్షకు వయస్సు మించిపోయిందా అని అడగవద్దు. దాని వెల ఎవరు కట్టాలి, వారు మనసారా ఒప్పుకొన్నారా అని విచారించండి. మొదలుపెట్టిన వారికి, 60 మార్కులు దాటిన పేపరు గ్రూపు పోయినా నిబంధనల ప్రకారం నిలుస్తుందని ధైర్యం చెప్పండి. 2025 నుండి ఫైనల్ సైతం ఏడాదికి మూడుసార్లు జరుగుతోంది. ఇక మధ్యలో ఆపినవారు మీ యింట ఉంటే, వారిని ఓడినవారుగా లెక్క కట్టకండి. మా యింటిలో ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తారు. వడ్డించేటప్పుడు మాకు తేడా లేదు.