నావయే ఇల్లు

మాది ఇబ్రహీంపట్నము చేరువనున్న శేరిగూడ. నీరనగా మాకు పెద్దచెరువే. ఏటి పోటు ఎరుగము. ఒక ఆశ్వయుజ మాసమున నేనును నా భార్యయు ధవళేశ్వరము పోయితిమి. 1852లో పూర్తియైన ఆనకట్టకు దిగువ, నావలోనే కాపురముండు జాలరి దంపతులను అచ్చట చూచితిమి. కడలిలో విలస యనబడు చేప వరదనీటికి ఎదురీది వచ్చి పులస యగును. దానికై వారు ఈ ఋతువంతయు గోదావరిపైననే గడపుదురు. తడికల కప్పు క్రింద పొయ్యి, కుండ, చాప. ఇంతియే వారి సంసారము.

నా భార్య ఒడ్డున నిలిచెను. నేను నావనెక్కితిని. అతడు వల విసరుచుండగా ఆమె తెడ్డు పట్టెను. ఇంతలో ఒక సుడి నావను ఒరగజేసెను. నేను కేక వేసితిని. ఆమె మాటాడక తెడ్డు అదిమిపట్టి నావను నిలిపెను. అతడు వెనుదిరిగి చూడనైన లేదు.

"భయము వేయలేదా, అమ్మా?" అంటిని.

"ఆయన చేతిలో వల, నా చేతిలో ఆయన ప్రాణమండీ, బాబూ. నేను భయపడితే ఎట్లా?" అనెను.

బాలలారా! ఏండ్ల తరబడి బడి నడిపితినని గర్వించిన నేను, మా ఇంట తెడ్డు పట్టినదెవరో ఎన్నడును తలపనైతిని. ఒడ్డు చేరి, నాకై వేచియున్న నా భార్యకు ఆనాడు తొలిసారి ఆ మాట చెప్పితిని.