చిక్ వెబ్ డ్రమ్ము, మా భాంజీ అడుగు

"మామూ, సున్‌నే కే గానే నక్కో. నాచ్‌నే కే గానే హోనా."

మా ఆపా కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసి అన్న మాట ఇది. అక్కడ సాఫ్ట్‌వేర్ నౌకరీ. ఏడాదిగా శనివారం సాయంత్రాలు లిండీ హాప్ క్లాసుకు పోతోంది. న్యూయార్క్‌లోని హార్లెమ్ మహల్లాలో నల్లజాతి పిల్లలు 1920ల చివర్లో పుట్టించిన జంట నాచ్ అది. క్లాసులో పెట్టే పాటలు విని విని అరిగిపోయాయట. "మీరు అఖ్బార్ వాళ్లు కదా మామూ, వెతికి పెట్టండి" అంది.

నాది ఉర్దూ మీడియం స్కూలు, తెలుగు డిగ్రీ. రెండు జుబాన్లలోనూ నాకు పాటంటే ముందు లఫ్జ్. గజల్ అయినా పద్యమైనా మాట పట్టుకునే లోపలికి పోతాను. ఇక్కడేమో మాటే లేదు, ఉన్నా పెద్దగా అర్థం లేదు. అందుకని దాన్నే అడిగాను, నాచ్‌కి పనికొచ్చే పాట ఎట్లుండాలి బేటా అని. "నాలుగు దెబ్బలూ కాలికి సాఫ్‌గా తెలియాలి. మూడు నిమిషాల్లో అయిపోవాలి, లేకుంటే దమ్ము చాలదు. నిమిషానికి నూట ఇరవై నుంచి నూట ఎనభై దెబ్బల మధ్య ఉంటే ఖుష్" అంది. మూడు నిమిషాల లెక్క ఎక్కడిదో తర్వాత తెలిసింది. ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది అంతే.

జాజ్ అనగానే మనవాళ్లు చెప్పే పేర్లు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్. వాళ్లది కూర్చుని వినే మహఫిల్. నాచ్ కావాలంటే ఇంకా వెనక్కి, 1930ల మధ్య నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా పోవాలి. దాన్ని స్వింగ్ జమానా అంటారు. అప్పుడు జాజ్ అంటేనే నాచ్ పాట.

మొదట దొరికింది కౌంట్ బేసీ. కాన్సాస్ సిటీలో తయారైన బ్యాండ్. పియానో ముందు కూర్చుని తక్కువ వాయించడమే ఆయన హునర్. ఒక్కోచోట రెండు మీటలు నొక్కి ఊరుకుంటాడు, మిగతాది వెనకాల ముగ్గురు మోస్తారు. డ్రమ్స్ మీద జో జోన్స్, బేస్ మీద వాల్టర్ పేజ్, గిటార్ మీద ఫ్రెడ్డీ గ్రీన్. ఈ ఫ్రెడ్డీ గ్రీన్ మీద నాకు మొహబ్బత్ పుట్టింది. 1937లో చేరి 1987లో పోయేదాకా దాదాపు యాభై ఏళ్లు అదే బ్యాండ్, అదే నాలుగు దెబ్బలు. తన గొప్ప చూపించే సోలో వాయించడమే అరుదు. ఆ గిటార్ రోటీలో నమక్ లాంటిది, వేరుగా వినబడదు, తీసేస్తే తెలుస్తుంది. 'వన్ ఓ క్లాక్ జంప్' పంపిస్తే భాంజీ రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టింది. పన్నెండు బార్లకోసారి పాట మలుపు తిరుగుతోందట, ఆ మలుపు వస్తోందని కాలికి ముందే ఖబర్ అందుతోందట. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా సలహా మాత్రం అదే బ్యాండ్ 1950లలో వాయించిన 'షైనీ స్టాకింగ్స్'. తొందర లేని చాల్.

జిమ్మీ లన్స్‌ఫర్డ్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. మెంఫిస్‌లో హైస్కూల్ టీచర్. తన దగ్గర చదివిన పిల్లలతోనే బ్యాండ్ మొదలుపెట్టాడు. టీచర్ చేతి కింది క్రమశిక్షణ ఆ రికార్డుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

మనకు ఈ గాలి బొంబాయి మీదుగా వచ్చింది. 1951 నాటి 'అల్బేలా' సినిమా పాటలు మీ ఇళ్లలో పెద్దవాళ్లకు యాద్ ఉంటాయి. సి. రామచంద్ర సంగీతం. దానిలో ట్రంపెట్ పట్టుకుని కనబడే గోవా మనిషి పేరు చిక్ చాకొలెట్. ఆ బాజాల వెనకాల ఉన్నది ఈ స్వింగే.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. దానికి ముందు మా భాంజీ గురించి ఒక మాట చెప్పాలి, దాని ఇజాజత్ తీసుకునే రాస్తున్నా. పన్నెండో ఏట దాని వెన్నుపూస ఒక పక్కకు వంగడం మొదలైంది. మూడేళ్లు ఒంటికి బ్రేసు కట్టుకుని స్కూలుకు పోయింది. ఖద్ పెరగలేదు, కుడి భుజం కొంచెం ఎత్తు. ఇప్పటికి ఆరు రిష్తాలు వచ్చాయి. బిర్యానీ తిని, "లడ్కీ బహుత్ అచ్ఛీ హై, మగర్..." అని లేచిపోయారు. ఆ 'మగర్' తర్వాత మాట ఎవరూ పూర్తి చేయరు. ఆపా వంటింట్లో గిన్నెలు గట్టిగా కడుగుతుంది. ఇట్లాంటి పిల్ల నాచ్ క్లాసుకు పోతోందని తెలిసి ఖాందాన్‌లో ఒకరు "డాక్టర్ ఒప్పుకున్నాడా" అన్నారు, ఇంకొకరు "లోగ్ క్యా బోలేంగే" అన్నారు. డాక్టర్ ఒప్పుకున్నాడు. దాని జోడీ చాలావరకు రూమ్‌మేట్ అమ్మాయే. ఈ నాచ్‌లో నడిపించేది ఒకరు, అనుసరించేది ఒకరు. మా పిల్ల నడిపిస్తుంది.

విలియం హెన్రీ వెబ్ బాల్టిమోర్‌లో పుట్టాడు. చిన్నప్పుడే వెన్నుకు క్షయ పట్టింది. నాలుగు అడుగులకు కాస్త పైన ఆగిపోయాడు, వీపు వంగింది. అందుకే 'చిక్' అని పేరు, కోడిపిల్ల. బిగుసుకుపోయిన కీళ్లు వదులవడానికి డ్రమ్స్ కొట్టమని డాక్టర్ చెప్పాడంటారు. అఖ్బార్లు అమ్మిన పైసలతో డ్రమ్స్ కొనుక్కున్నాడు. ఈ ఒక్క సంగతికే మా బిరాదరీలో కలుపుకున్నా ఆయన్ని. నొటేషన్ చదవడం రాదు, బ్యాండ్ మొత్తం పాట దిల్‌లో పెట్టుకునేవాడు. డ్రమ్స్, పెడల్స్ తన కాళ్లకు అందేలా ప్రత్యేకంగా చేయించుకుని, ఎత్తు పీట మీద కూర్చునేవాడు.

ఆయన అడ్డా హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్. 1926లో తెరిచారు, 1958లో మూతపడింది. లెనాక్స్ అవెన్యూ మీద ఒక బ్లాకు పొడవునా ఉండేది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే ఫర్ష్ మీద ఆడేవారు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. రెండు స్టేజీలు, ఒక బ్యాండ్ ఆపగానే ఇంకో బ్యాండ్ అందుకునేది. కొన్ని రాత్రులు అది ముఖాబలా. 1937 మే 11న అమెరికా అంతా 'స్వింగ్ రాజు' అని పిలిచే బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ వచ్చింది. లోపల నాలుగు వేల మంది, బయట వీధి నిండా జనం. ఆ రాత్రి గెలిచింది చిక్ వెబ్. గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా ఆయన ముందు తల వంచి సలాం చేశాడంటారు. అక్కడ జడ్జీలు నాచేవాళ్లే. కాళ్లు ఆగితే బ్యాండ్ ఓడినట్టు. ముషాయరాలో వాహ్ వాహ్ లేక షాయర్ చిన్నబోయినట్టు. అందుకే ఆ సంగీతం అట్లా తయారైంది. నాచేవాడి కాలు వాయించేవాడికి ఉస్తాద్.

ఫ్రాంకీ మానింగ్ అనే కుర్రాడు 1935లో జోడీని తన వీపు మీదుగా గాల్లో తిప్పి దించింది ఈ ఫర్ష్ మీదే. వాయించింది చిక్ వెబ్ బ్యాండే. తర్వాత ఆ మానింగ్ పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు నౌకరీ చేసుకున్నాడు. 1980లలో కొత్త పిల్లలు వెతుక్కుంటూ వస్తే మళ్లీ నేర్పడం మొదలుపెట్టి 2009లో పోయేదాకా నేర్పాడు. బెంగళూరు దాకా ఈ అడుగు వచ్చిన దారి అది.

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌ను టీనేజీలో తెచ్చి ముందు నిలబెట్టింది కూడా చిక్ వెబ్బే. ఆయన 1939 జూన్‌లో పోయాడు, ముప్పై నాలుగేళ్లకు. 'హార్లెమ్ కాంగో' వినండి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని. ఆ కాలపు రికార్డింగ్ ఆయన డ్రమ్ము బలాన్ని పూర్తిగా పట్టలేదు, మనకు దొరికింది సగమే. ఆ సగానికే కాలు ఆగదు.

మన ఇళ్లలో నాచ్ లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. బారాత్‌లో మర్ఫా మోగితే పాతబస్తీలో ఎవరు ఆగుతారు? ఆ మర్ఫా నిజాం ఫౌజ్‌లో చేరిన అరబ్బులతో, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో వచ్చింది. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఎంతమందికి యాద్ ఉంది? భాంజీకి ఇది చెబితే "తో మామూ, రిష్తేదార్ హీ హైఁ" అంది.

పోయిన నెల సెలవుకు వచ్చి, హాల్లో తివాచీ చుట్టి పక్కన పెట్టి 'హార్లెమ్ కాంగో' మీద ఒక్కతే అడుగులు వేసి చూపించింది. అమ్మీజాన్ తఖ్త్ మీద కూర్చుని తస్బీ తిప్పుతూ చూసింది. అయిపోయాక, వాయించింది ఎవరని అడిగింది. చెప్పాను, వెన్ను సంగతి, ఖద్ సంగతి కూడా.

కాసేపు ఆగి అడిగింది: "షాదీ హుయీ థీ ఉస్‌కీ?"

"హుయీ థీ, అమ్మీ."

ఇంకేమీ అడగలేదు. మళ్లీ పెట్టమంది, అసర్ అజాన్ అయ్యాక.