పిలవని పేరంటం

మొన్న డాక్టరమ్మ నా పన్ను పీకి, "తీసుకెళ్తారా సార్, పారేయమంటారా?" అని అడిగింది. నోటినిండా దూది. మాట రాక చెయ్యి చాపాను. యాభై ఎనిమిదేళ్ళవాడు ఊడిన పన్ను అడిగి పట్టుకెళ్తాడని ఆవిడ అనుకోలేదు కాబోలు, పొట్లం కట్టడానికి కాగితం కోసం కాసేపు వెతుక్కుంది.

కింది దవడలో కుడివైపు, ముందునుంచి లెక్కపెడితే ఆరోది. ఆరేళ్ళప్పుడు వస్తుంది. మామూలుగా పాలపన్ను ఊడితే ఇంట్లో అదో సంబరం. మా నాయనమ్మ దాన్ని పేడముద్దలో పెట్టి, పెంకుల మీదికి విసిరించేది. దొర్లి కిందపడితే మళ్ళీ విసరాల్సిందే. ఈ ఆరేళ్ళ పన్నుకి ఆ మర్యాదలేమీ లేవు. ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళన్నిటికీ వెనక, చడీచప్పుడూ లేకుండా మొలుస్తుంది. పోయిందేమీ లేదు కాబట్టి వచ్చిందని కూడా ఎవరికీ తెలియదు. పిలవని పేరంటం. దాని నెత్తిన లోతైన గాళ్ళుంటాయి, అన్నం మెతుకులు అందులోనే ఇరుక్కుంటాయి, ఆరేళ్ళ పిల్లవాడి బ్రష్ అంతవరకూ పోదు. పుచ్చుతుంది. అప్పుడు పెద్దవాళ్ళంటారు, "పాలపన్నేలే, ఊడి కొత్తదొస్తుంది."

మా ఇంట్లోనూ అదే అన్నారు. కొత్తది రాలేదు. ఇరవయ్యో ఏట దానికి వెండి నింపారు, నలభైలో రూట్ కెనాల్ చేసి తొడుగు వేశారు, మొన్న పకోడీ కొరుకుతుంటే నిలువునా చీలింది.

పంటిమీద పింగాణీలా మెరిసే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. నూటికి 96 పాళ్ళు ఖనిజమే. ఎముక కూడా దాని ముందు మెత్తనిదే. కానీ ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుని అయినా అతికించుకోవచ్చు. ఎనామిల్‌కి ఆ యోగం లేదు. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురు దాటి బయటికొచ్చేసరికే కనుమరుగవుతాయి. ఇల్లు కట్టిన మేస్త్రీలు ఊరే వదిలిపోయినట్టు. తర్వాత పెచ్చు ఊడితే పిలవడానికి ఎవరూ ఉండరు.

చిల్లర మరమ్మతులు మాత్రం ఉమ్మి చూసుకుంటుంది. అందులోని కాల్షియం, ఫాస్ఫేటు పైపై నష్టాన్ని పూడుస్తాయి. దానికి కాస్త వ్యవధి ఇవ్వాలి, అంతే. నేను ఇవ్వలేదు. "టీ ఎన్నిసార్లు తాగుతారు?" అని డాక్టరమ్మ అడిగితే, "ఎనిమిది. అయినా చక్కెర అరచెంచానే వేసుకుంటానండీ" అన్నాను గర్వంగా. ఎంత అన్నది కాదట, ఎన్నిసార్లు అన్నదే లెక్కట. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. నోటి పీహెచ్ 5.5 కన్నా దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఉమ్మి మళ్ళీ సర్దడానికి అరగంటో, ఆపైనో పడుతుంది. ఈలోగా నేను ఇంకో టీ చెప్పేవాణ్ణి. ఒక్కసారే రెండు పూతరేకులు తిని నోరు కడుక్కున్నవాడు నాకన్నా నయం.

మా ఊరి సంతలో ఒకాయన వాకుడు గింజల పొగ పట్టించి, పంటిలోంచి రాలాయంటూ నీళ్ళగిన్నెలో పురుగులు చూపించేవాడు. మా నాయనమ్మ కళ్ళారా చూశానని ఒట్టేసేది. నోట్లో జీవాలున్న మాట నిజమే, కాకపోతే గిన్నెలో కనిపించేంతవి కావు. డచ్చి దేశంలోని డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి 1683లో తన పళ్ళ సందుల్లోని తెల్లటి పాచి గీకి, తానే అరగదీసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. సన్నటి జీవాలు గిరగిరా ఈదుతున్నాయి. ఆయనేమీ పాచినోటివాడు కాదు, రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునేవాడే.

ఉప్పంటే గుర్తొచ్చింది. మా నాయనమ్మది కచ్చికా బొగ్గుపొడీ. పళ్ళు తళతళలాడేవి, నిజమే. అయితే ఆ గరుకు పాచితో పాటు పంటినీ గీకేది. చివర్లో ఆవిడ చల్లటి మజ్జిగ కూడా గుక్కపట్టి మింగేది, పంటికి తగలకుండా.

మనకి పొద్దున పళ్ళు తోముకోవడం మడితో సమానం. రాత్రి తోముకోవడం మాత్రం పట్నం షోకు. నిజానికి నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది, కాపలా లేని ఇల్లే ఆ నోరు. తోమాలంటే అప్పుడే తోమాలి. ఇంకో మాట చెప్పింది డాక్టరమ్మ: తోమాక నురగ ఉమ్మేయండి, పుక్కిలించకండి, పేస్టులోని ఫ్లోరైడు కాసేపు పంటిమీద ఉండాలి. ఎంగిలి పట్టింపులో పెరిగిన ప్రాణం, నాకు వారం పట్టింది అలవాటవడానికి. నల్గొండలో, ప్రకాశంలో తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి పళ్ళకి గోధుమరంగు చారలు పెట్టి, ఎముకల్ని వంచేసిన ఫ్లోరైడూ ఇదే. పైన రాస్తే మందు, మోతాదు మించి తాగితే విషం.

పన్ను పీకించుకున్న రోజు ఇంటికొచ్చి పొట్లం విప్పాను. బిడ్డ పుట్టేటప్పటి కుదుపుకి, అప్పటికే కడుతూ ఉన్న ఎనామిల్‌లో సన్నటి గీత ఒకటి పడుతుందట. మైక్రోస్కోపులో కనిపిస్తుంది. పాలపళ్ళలో ఉంటుంది, చాలామందికి ఈ ఆరేళ్ళ పంటి మొనల్లోనూ ఉంటుంది. నా పంట్లో సరిగ్గా ఆ మొనలే ముందు పుచ్చాయి. మిగిలిన కాస్తా తొడుగు కోసం అరగదీశారు. పుట్టినరోజు గుర్తు ఏనాడో చెరిగిపోయిందన్నమాట.

ఇంతలో బెంగళూరునుంచి అమ్మాయి వీడియో కాల్. మనవడికి ముందుపన్ను ఊడిందట, అరచేతిలో పెట్టుకుని చూపిస్తున్నాడు.

"అది సరేరా, నోరు బాగా తెరువు. అమ్మా, నువ్వు ఫోన్ లైటు వేసి వాడి వెనకపళ్ళు చూడు."

"ఏం లేదు నాన్నా, మామూలుగానే... ఆగండాగండి. కింద, చివర్న, చిగుట్లోంచి ఏదో తెల్లగా..."