నలుపలకల చెట్ల అడవిలో వాల్ట్జ్

ఎవరినైనా చెట్టు బొమ్మ వేయమనండి. నిలువుగా ఓ మాను గీసి, పైన గుండ్రంగా ఆకుల గుబురు పెట్టి ఇస్తారు. ఐవిండ్ ఎర్ల్ చెట్లు అలా ఉండవు. గుబురు నలుపలకలుగా ఉంటుంది. పైన కోసినట్టు చదును, పక్కలు నిటారు. మాను బెరడు మీద ప్రతి పగులూ, నాచు పట్టిన ప్రతి మచ్చా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. బండరాళ్లకూ అంచులు తీరి ఉంటాయి. అలాంటి అడవిలోకి చెప్పుల్లేని కాళ్లతో ఒక పిల్ల పాడుకుంటూ నడిచొస్తుంది. అక్కడ తెరిచిన నోరు సినిమా అయ్యేదాకా మూయలేదు నేను.

డిస్నీ వాళ్ల ‘స్లీపింగ్ బ్యూటీ’ సంగతి ఇది. 1959 జనవరిలో విడుదలైంది. నా కళ్లపడింది మాత్రం ఇప్పుడు. అప్పటి నుంచి ఎదురుపడిన వాళ్లందరినీ ఆపి చెబుతున్నాను. కథ అందరికీ తెలిసిందే. చార్లెస్ పెరో 1697లో అచ్చేసిన కథ. బారసాలకు పిలవలేదని మండిపడ్డ మాంత్రికురాలు శపిస్తుంది. పదహారో పుట్టినరోజున సూర్యుడు అస్తమించేలోపు పిల్ల వేలికి రాట్నం కదురు గుచ్చుకుంటుంది. చావాల్సిన పిల్ల ఒక మంచి దేవకన్య పుణ్యమా అని నిద్రలోకి జారుతుంది. రాకుమారుడి ముద్దుతో లేస్తుంది. అంతే. ఈ నాలుగు ముక్కలూ ముందే తెలిసి కూర్చుంటే మంచిది. తర్వాత ఏం జరుగుతుందన్న ఆత్రం ఉండదు కాబట్టి కళ్లూ చెవులూ రెండూ తీరిగ్గా పనిచేస్తాయి. ఈ సినిమాకు కావలసింది ఆ రెండే.

ముందు కళ్ల సంగతి. ఎర్ల్ ఈ సినిమాకు రంగుల శైలి నిర్ణయించినవాడు. వెనకాల కనిపించే అడవులు, కోటలు, మెట్లు, గోడలన్నీ ఆయన చెయ్యీ, ఆయన చూపూ. న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియంలో యూనికార్న్ తెరలని ఉన్నాయి. దాదాపు 1500 ప్రాంతంలో నేసిన పెద్ద పెద్ద చిత్రాల వస్త్రాలవి. స్టూడియోలోని జాన్ హెంచ్ అనే చిత్రకారుడు వాటిని చూసొచ్చి సినిమా మొత్తం ఇలా ఉంటే బాగుంటుందన్నాడట. ఎర్ల్ ఆ దారి పట్టాడు. బెర్రీ ప్రభువు కోసం పదిహేనో శతాబ్దంలో లింబూర్ సోదరులు చిత్రించిన ప్రార్థన పుస్తకం, డ్యూరర్, వాన్ ఐక్, బ్రూగెల్, పర్షియా చిత్రాలు, జపాన్ చిత్రాలు, అన్నీ చదివేసుకుని తనదైన మధ్యయుగం ఒకటి కట్టాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కనీ మినియేచర్ల ముందు కాసేపు నిలబడ్డవాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. దూరంగా ఉంది కదా అని ఏదీ మసకబారదు. ముందున్న గడ్డిపోచ ఎంత స్పష్టమో కొండ మీది కోటకిటికీ అంతే స్పష్టం. మన కన్ను ఎక్కడ ఆగాలో దర్శకుడు చెప్పడు. తెరంతా తిరిగి చూసుకోమంటాడు.

తెర కూడా మామూలు తెర కాదు. సూపర్ టెక్నిరామా 70 పద్ధతిలో తీసిన మొదటి యానిమేషన్ సినిమా ఇది. బాగా వెడల్పు. ఆ వెడల్పును నింపడానికి మామూలుగా ఒక రోజులో తేలే నేపథ్య చిత్రం ఒక్కోటి వారం, పది రోజులు తీసుకుందట. తీసుకోదూ మరి! మొదట్లో ఊరంతా కోటకు తరలివెళ్లే ఊరేగింపు ఉంది చూడండి. జెండాలు, గుర్రాలు, పొడుగాటి అంగీలు సాగిపోతూ ఉంటాయి. దాన్ని ఆపి ఏ ముక్క కత్తిరించి గోడకు తగిలించినా చిత్రమే.

ఇక్కడ డిస్నీ అభిమానుల మధ్య ఓ పాత పంచాయితీ ఉంది. బొమ్మలు అందమైనవే కానీ చల్లగా ఉన్నాయని ఒక వర్గం. నేపథ్యం మరీ గొప్పగా ఉంటే పాత్రలు అందులో మునిగిపోతాయని వాళ్ల బాధ. ఈ మాట అభిమానులు పుట్టించింది కాదు. సినిమా తయారవుతున్నప్పుడే యానిమేటర్లలో కొందరు అదే గొణిగారు. దర్శకత్వం పర్యవేక్షించిన క్లైడ్ జెరోనిమీకీ ఎర్ల్‌కీ పడలేదు. వాల్ట్ డిస్నీ మాత్రం ఎర్ల్ వైపే నిలబడ్డాడు. సినిమా పూర్తికాకముందే, 1958లో, ఎర్ల్ స్టూడియో వదిలి వెళ్లిపోయాడు. నేను పూర్తిగా ఎర్ల్ పక్షం. ఆ అడవిలో రాకుమారి అరోరా మునిగిపోలేదు. ఆమె జుట్టు చుట్టలు చూడండి. కొసల్లో ఎలా వంపు తిరిగి ఆగుతాయో, గౌను మడతలు ఎలా నిటారుగా దిగుతాయో గమనించండి. ఆమెను కూడా ఆ చెట్ల కొలతల్లోనే గీశారు. అందుకే ఆ అడవి ఆమెది అనిపిస్తుంది.

ఇక చెవుల సంగతి. నన్ను పూర్తిగా పడగొట్టింది అదే.

సినిమాలో అందరికీ గుర్తుండే పాట ‘వన్స్ అపాన్ ఎ డ్రీమ్’. అడవిలో అరోరా కలలో చూసిన రాకుమారుడి గురించి జంతువులతో చెబుతుంది. గుడ్లగూబ రాకుమారుడి టోపీ, అంగీ వేసుకుని, కుందేళ్లు ఆయన బూట్లలో దూరి, అందరూ కలిసి ఓ నకిలీ రాకుమారుణ్ని తయారుచేస్తారు. ఆమె వాళ్లతో ఆడుతుంటే అసలువాడు వచ్చి చెయ్యి కలుపుతాడు. పాట మూడు దెబ్బల వాల్ట్జ్. తిశ్రం అలవాటున్న చెవికి కాలు దానంతటదే కదులుతుంది. ఆ వరస ఎవరిదో అని వెతికితే చైకోవ్‌స్కీ దగ్గర తేలాను. 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారీన్‌స్కీ థియేటర్‌లో మొదటిసారి ఆడిన ‘స్లీపింగ్ బ్యూటీ’ బ్యాలేలో, అరోరా పుట్టినరోజున ఊరివాళ్లు పూలదండలు పట్టుకుని చేసే నాట్యం వరస అది. అరోరా అనే పేరు కూడా ఆ బ్యాలే నుంచి వచ్చిందే.

పాటే కాదు, సినిమా సంగీతం దాదాపు మొత్తం ఆ బ్యాలేదే! మొదట శామీ ఫేన్, జాక్ లారెన్స్‌లతో బ్రాడ్‌వే బాణీలో పాటలు రాయించుకున్నారు. తర్వాత వాల్ట్ మనసు మార్చుకుని చైకోవ్‌స్కీ సంగీతమే కావాలన్నాడు. జార్జ్ బ్రన్స్ దాన్ని సినిమాకు మలిచాడు. జర్మనీలో గ్రౌంకే సింఫనీ ఆర్కెస్ట్రాతో ఆరు ట్రాకుల స్టీరియోలో రికార్డు చేశారు. 1890 నాటి సంగీతాన్ని తెచ్చి కత్తిరించి అతికిస్తే అతుకుల బొంత అయ్యే ప్రమాదం ఉంది. బ్రన్స్ చేసిన పని అది కాదు. ఏ వరస ఎక్కడ పెడితే కొత్తగా పలుకుతుందో ఆయనకు తెలుసు. ఊరేగింపుకు బ్యాలే మొదట్లోని మార్చ్ తీసుకున్నాడు. పిట్టలతో మాట్లాడుతూ అరోరా పాడే ‘ఐ వండర్’కు మూడో అంకంలోని నీలిపిట్ట నాట్యం తీసుకున్నాడు. పిట్టల సంగీతం తెచ్చి పిట్టల మధ్యే పాడించాడు. ఎంత ముచ్చట!

అన్నిటికన్నా గొప్ప తెలివి పిల్లుల దగ్గర ఉంది. బ్యాలే మూడో అంకంలో, పెళ్లి విందులో, బూట్లు వేసుకున్న పిల్లీ తెల్లపిల్లీ కలిసి చేసే చిన్న నాట్యం ఉంది. వాద్యాలు మ్యావ్ మ్యావ్ అంటాయి. పంజాతో తట్టడం, అలగడం, అంతా నవ్వులాట. అదే సంగీతాన్ని బ్రన్స్ ఎక్కడ పెట్టాడో తెలుసా? కోటలో ఒంటరిగా ఏడుస్తూ కూర్చున్న అరోరా ముందుకు పచ్చటి వెలుగు ముద్ద ఒకటి వస్తుంది. పొయ్యిగోడ తెరుచుకుంటుంది. కళ్లు తెరిచే ఉన్నా చూపు లేని పిల్ల ఆ వెలుగు వెంట మెట్లెక్కుతుంది. పైన కదురు ఉంది. ఆ మెట్ల మీద వినిపించేవి ఆ పిల్లుల స్వరాలే. వేగం తగ్గింది, రంగు మారింది, నవ్వు ఆవిరైంది. జారే స్వరం ప్రతిదీ ‘రా, ఇంకో మెట్టు’ అని పిలుస్తున్నట్టుంటుంది. సంగతి తెలిశాక బ్యాలే సంగీతం పెట్టుకుని విన్నాను. ఒకే వరస ఒకచోట నవ్విస్తోంది, ఇంకోచోట వెన్నులో చలి పుట్టిస్తోంది. సినిమా సంగీతంలో ఇంతకన్నా ధైర్యమైన పని నేను వినలేదు.

అభిమానుల రెండో ఫిర్యాదు ఇంకా గట్టిది. నాయిక తెర మీద ఉండేది కొద్దిసేపే, మాట్లాడేది మరీ తక్కువ, చివర్లో చాలాసేపు నిద్రపోతుంది, ఆమెకంటూ వ్యక్తిత్వం లేదు అంటారు. లెక్కకు నిజమే. దేవకన్యల పెంపకంలో పల్లెపిల్లలా పెరిగి, తాను రాకుమారినని తెలిసి ఏడ్చిన తర్వాత అరోరా నోట ఒక్క మాట రాదు. రాకుమారుడు ఫిలిప్‌ను చూడండి. పల్లెపిల్లను పెళ్లాడతానని తండ్రికి చెప్పి, ఇది పద్నాలుగో శతాబ్దమని వాదించి, గుర్రమెక్కి పోతాడు. ఆ తర్వాత అతనూ మాట్లాడడు. శాపం పెట్టిన మాంత్రికురాలు మలెఫిసెంట్ చేతికి చిక్కినా, ముళ్ల అడవి నరికినా, డ్రాగన్ ఎదుట నిలిచినా, నిద్రలో ఉన్న పిల్లను ముద్దాడినా మాట లేదు. నాయికా నాయకులిద్దరూ సగం సినిమా నోరు విప్పరు! అయితే ఎవరు మాట్లాడుతున్నారు? చైకోవ్‌స్కీ మాట్లాడుతున్నాడు. బ్యాలేలో ఎవరు మాత్రం నోరు విప్పుతారు? అడవిలో పాటతో మొదలైన సినిమా మెల్లగా మాటలు వదిలేసి బ్యాలే అయిపోయింది. లోపమని లెక్కగట్టిన చోటే నాకు ఈ సినిమా ప్రాణం కనిపిస్తోంది. అరోరా వ్యక్తిత్వం డైలాగుల్లో వెతికితే దొరకదు. మేరీ కోస్టా గొంతులో ఉంది. ఆ తర్వాత మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన గొంతు అది. పదహారేళ్ల పిల్ల ఆశ అంతా ఆ పై స్వరాల్లో తేలిగ్గా తేలుతుంది.

మాటలన్నీ దక్కించుకున్నది మాత్రం మలెఫిసెంట్. ఎలినార్ ఆడ్లీ గొంతు, మార్క్ డేవిస్ గీత. అరోరాను గీసిందీ డేవిసే. ఆ రెండూ ఒకే చేతి నుంచి రావడం నాకు పదేపదే ఆశ్చర్యం. నల్లటి అంగీ, కొమ్ములు, మంటల్లా చీలిన అంచులు. ఆమె అరవదు. మర్యాదగా, తీరిగ్గా, నెమ్మదిగా మాట్లాడుతుంది. చెరలో ఉన్న ఫిలిప్‌కు ఆమె చెప్పే భవిష్యత్తు విన్నారా? చంపనంటుంది. నూరేళ్లు గడిచాక, తల నెరిసి నడుం వంగిన ముసలివాణ్ని చేసి, ముసలి గుర్రం మీద వదిలిపెడతానంటుంది. అక్కడ అరోరా మాత్రం అదే పదహారేళ్ల వయసులో, అదే అందంతో నిద్రలో ఉంటుంది. పిల్లల సినిమాలో ఇంత లోతైన క్రూరత్వం ఊహించినవాళ్లకు దణ్ణం.

ఇద్దరు రాజులు వైన్ తాగుతూ పాడే సన్నివేశం మాత్రం కాస్త సాగింది. దాని గురించి అంతకన్నా చెప్పేదేమీ లేదు.

డబ్బు సంగతి వింటే గుండె కలుక్కుమంటుంది. 60 లక్షల డాలర్లు పోశారు. అప్పటికి డిస్నీ యానిమేషన్‌లో అంత ఖరీదైనది లేదు. మొదటి విడుదలలో పెట్టుబడి తిరిగి రాలేదు. స్టూడియో చాలామందిని పనిలోంచి తీసేసింది. తర్వాత వచ్చిన డాల్మేషియన్ కుక్కపిల్లల సినిమా (1961) నుంచి గీతల్ని జెరాక్స్ పద్ధతిలో ఎక్కించారు. సెల్ అనే పారదర్శకమైన రేకు మీద ప్రతి గీతా చేత్తో ఇంకు దిద్దే రోజులు ఈ సినిమాతోనే దాదాపు అయిపోయాయి. డిస్నీ మళ్లీ ఒక జానపద రాకుమారి కథ ముట్టుకోవడానికి 30 ఏళ్లు పట్టింది. 1989లో ‘ది లిటిల్ మెర్మెయిడ్’ వచ్చేదాకా లేదు. సంగీతానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, బహుమతి రాలేదు. 2019లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చుకున్నారు. చేర్చుకోక ఏం చేస్తారు!

దయచేసి దీన్ని ఫోన్‌లో చూడకండి. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద తెర వెతకండి. మంచి స్పీకర్లున్న స్నేహితుడి ఇంటికి వెళ్లండి. ముళ్ల అడవి కోట చుట్టూ అల్లుకునే చోట, నల్లని డ్రాగన్ తెర అంత పొడుగునా లేచే చోట, ఆ వెడల్పు ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక అభిమానులు ఇప్పటికీ కొట్టుకునే అసలు తగవు గౌను రంగు. పెంపుడు తల్లులైన ముగ్గురు దేవకన్యల్లో ఫ్లోరా గులాబి అంటుంది, మెరీవెదర్ నీలం అంటుంది. గౌను కుట్టేటప్పుడు మొదలైన ఆ యుద్ధంలో మంత్రదండాలు దూసుకుంటాయి, రంగు గోడల మీద చిమ్ముతుంది, పొగగొట్టంలోంచి బయటికి ఎగసిన మెరుపులే వాళ్ల ఆచూకీ పట్టిస్తాయి. బొమ్మల దుకాణాల్లో అరోరా ఎక్కువగా గులాబిలోనే కనిపిస్తుంది. ఎందుకో నాకు అర్థం కాదు. ఎర్ల్ వేసిన ఆ బూడిదరంగు కోటగోడల మధ్య, ఆ పచ్చవెలుగులో, నీలం తప్ప ఇంకే రంగు నిలుస్తుంది? మెరీవెదర్ చెప్పిందే సరి. ఆఖరి నాట్యంలో ఫ్లోరా దండం తిప్పినప్పుడల్లా నేను తెర ఇవతల నుంచి ‘నీలం, నీలం’ అని అరుస్తూనే ఉన్నాను.