చెవులను గూర్చి నాలుగు మాటలు

చీరెలను గూర్చి, నగలను గూర్చి మనము ముచ్చటించుకొనునంతగా చెవులను గూర్చి ముచ్చటించుకొనము. ఎప్పుడైన ముచ్చటించితిమా, అది కమ్మలను గూర్చియే గాని వినికిడిని గూర్చి కాదు. వేదమునకు శ్రుతియని పేరు. గాయకుని యాధారస్వరమునకును శ్రుతియనియే పేరు. జహ్నుమహర్షి తాను త్రాగివేసిన గంగను మరల చెవినుండి విడిచెననియు, అందుచే నామె జాహ్నవి యయ్యెననియు చిన్ననాట మా నాయనగారు చెప్పగా వింటిని. అట్టి ద్వారమునకు నేటి పెండ్లి ఊరేగింపులలో జరుగుచున్న మర్యాదను జూచియే యిది వ్రాయుచున్నాను.

మా యింటివారు తెలుగు పండితులు. రెండేండ్ల క్రిందట పాఠశాల వార్షికోత్సవమునాడు వేదిక ప్రక్కన నిలిచి, ఆటపాటల పిల్లలను వరుసగా లోనికి పంపు పని వారి కప్పగింపబడెను. మనిషియెత్తు సౌండుబాక్సులు వారి కుడిచెవికి బారెడు దూరమున నుండెను. అట్లు నాలుగు గంటలు నిలిచిరి. ఆ రాత్రి యింటికి వచ్చి, “ఇల్లంతయు కీచురాళ్లు అరచుచున్నవేమి?” అని యడిగిరి. మా యింట కీచురాళ్లు లేవు. మన వైద్యగ్రంథములు కర్ణనాదమని చెప్పునది యిదియే. మరునాటికి సగము తగ్గెను. తక్కిన సగము నేటికిని తగ్గలేదు. చెవివైద్యుడు పరీక్షించి, మంద్రధ్వనులు చక్కగా వినబడుచున్నవి గాని కుడిచెవికి సన్నని ధ్వనులు తరిగినవనియు, స, శ, త వంటి హల్లులకు ఆ సన్నని ధ్వనులే ప్రాణమగుటచే మాట వినబడియు తెలియకుండుననియు చెప్పెను. వెనుక వరుస పిల్లవాడు పద్యము నప్పగించుచుండగా హల్లు తెలియనిచో ప్రాస తప్పినదో లేదో పంతులుగారికి ఎట్లు తెలియును? ఇప్పుడు వారు ఎడమచెవిని పిల్లలవైపు త్రిప్పి కూర్చుందురు. తమ వృత్తికి వచ్చిన కొరతను వారెవ్వరితోను చెప్పుకొనరు.

లోపలిచెవిలో నత్తగుల్లవంటి భాగమొకటి కలదు. అందు పదునైదు వేలకు పైబడిన సూక్ష్మమైన రోమకణములుండి, గాలికి వరిపైరువలె ధ్వనికి ఊగుచుండును. ఈదురుగాలికి వాలిన పైరు మరునాటికి లేచి నిలువవచ్చును. కాడ విరిగినది లేవదు. పక్షులకు ఈ కణములు మరల మొలచును గాని మనుష్యులకు మొలవవు.

ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. మనమింటిలో మాటలాడుకొనునది రమారమి 60. ధ్వని 85 ఉన్నచోట దినమునకు 8 గంటలకు మించి యుండరాదని వృత్తికార్మికుల విషయమున నిపుణులు పెట్టిన హద్దు. ఇందొక చిక్కు కలదు. 3 డెసిబెల్లులు పెరిగిన ధ్వనిశక్తి రెట్టింపగును గనుక ఉండదగిన కాలము సగమగును. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2. ఇట్లు 100 చేరునప్పటికి పావుగంటయే మిగులును. డీజేబండి యెదుట 100 దాటుట అరుదు కాదు. పావుగంటలో ఏ ఊరేగింపు ముగిసినది? కొలుచు సాధనము లేనివారికి ఒక గుర్తు చెప్పెదను: బారెడు దూరమున నున్నవారితో కేకవేసినగాని మాట తెలియకున్నచో ఆ చోటు చెవికి తగినది కాదు.

ఆ బండికి అందరికంటె దగ్గరగా నుండువారెవరు? మగవారు కిళ్లీ నెపమున వీధిమలుపు చేరగలరు. హారతిపళ్లెము పట్టిన ముత్తైదువ, చంకబిడ్డతో నున్న వరుని అక్క ఎక్కడికి పోగలరు? కుంభకర్ణుని మేల్కొల్పుటకు రాక్షసులు భేరులు మ్రోగించిరట. మన చంకబిడ్డలు కుంభకర్ణులు కారు. ఒక పెండ్లిలో నేను మా అమ్మాయి చెవులు మూసితినని మా అత్తగారికి కష్టము తోచినది. “శుభకార్యమున చెవులు మూసికొందురటే?” అనిరి. “అత్తయ్యగారూ, గట్టిమేళమును వలదనువారెవరు? తుమ్ములు వినబడకుండుటకు పెద్దలు పెట్టినది. అది మాంగల్యధారణ వేళ రెండు నిమిషములు. ఇది మూడు గంటలు గదా!” అంటిని. ఆమె బదులు చెప్పలేదు. తరువాతి పెండ్లిలో మాత్రము మనుమరాలిని తామే యెత్తుకొని విడిది లోపలిగదికి పోయిరి.

సన్నాయిమేళము సయితము ఆరుబయట కేర్పడినది. దానిని నాలుగు గోడల నడుమ మైకు ముందు ఊదించుట నాకు సమ్మతము కాదు.

దూరమే మొదటి మందు. ఆరుబయట దూరము రెట్టింపైనకొలది ధ్వని 6 డెసిబెల్లుల వరకు తగ్గును. గంటకొకసారి శబ్దము లేని చోటికిపోయి చెవులకు విశ్రాంతి నీయవలెను. దూది నమ్మదగినది కాదు. శబ్దము దానిగుండ సులభముగా చొచ్చును. మందులషాపులలో మెత్తని నురుగు ఇయర్ ప్లగ్గులు దొరకును. శుభ్రమైన వ్రేళ్లతో దానిని సన్నని వత్తివలె నలిపి, రెండవచేతిని తలమీదుగా తెచ్చి చెవిని పైకి, వెనుకకు లాగి, లోనికి జొనిపి, అది ఉబ్బువరకు అరనిమిషము వ్రేలితో పట్టి యుంచవలెను. పైపైన పెట్టుకొని ప్రయోజనము లేదనువారే మెండు. పసివారికి ఇవి పనికిరావు. వారికి చెవులను పైనుండి కప్పు ఇయర్ మఫులు కలవు. వానికంటెను బిడ్డను అచటికి కొనిపోకుండుటయే మేలు.

చట్టము మనపక్షముననే యున్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ననుసరించి నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. బహిరంగస్థలములలో రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 వరకు లౌడుస్పీకరులు సాధారణముగా నిషిద్ధములు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసువారు మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. కాని పెండ్లివారింటికి పోలీసులను పిలిపించు ముత్తైదువ ఎవరు? బయానా యిచ్చునాడే బేరము చేసికొనవలెను. మ్రోగుట మొదలైన పిమ్మట మన మాట వినబడదు.

వచ్చే మాఘమాసమున మా మరది వివాహము. బాక్సులు రెండింటికి మించరాదనియు, బండి హారతివారికి ఇరువది గజముల ముందుండవలెననియు మామగారిచేత కాగితముమీద వ్రాయించితిని. ప్లగ్గులు రెండు డబ్బాలు తెప్పించితిని. ఆడబిడ్డలకు పసుపుకుంకుమలు పంచు పళ్లెమున వానిని ఎక్కడ నుంచవలెనో అత్తగారు ఇంకను ఆలోచించుచున్నారు.