నేల విడిచి సాము

నేల విడిచి సాము చేయరాదని పెద్దలు ఏ సందర్భంలో అన్నారో గాని, మా విద్యుత్ నిర్వహణ విభాగంలో ఉన్న పదకొండు మందికీ ఆ సామే జీవనోపాధి. షెడ్డు పైకప్పు కింద వేలాడే దీపాలు, క్రేనుకు కరెంటు అందించే పట్టీలు, గోడ వెంట పాకే కేబుళ్ళ తట్టలు, పొగను బయటకు నెట్టే పంకాలు, ఇవన్నీ నేలకు పది పన్నెండు మీటర్ల ఎత్తున ఉంటాయి. వాటిలో ఏది చెడినా పైకి పోవలసినది మేమే. మా ఇళ్ళలో మాత్రం మాది ‘కరెంటు పని’ అన్నంత వరకే తెలుసు. దీపావళికి గుమ్మం మీద దీపాల తోరణం కట్టడానికి స్టూలెక్కితే, ఇల్లాలు వచ్చి స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడుతుంది. కర్మాగారంలో మా కాళ్ళ కింద ఏముంటున్నదో ఆమె ఎన్నడూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

2014లో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు సాగదు. మేమందరమూ పెద్దన్న అని పిలుచుకునే సీనియర్ ఫిట్టరు ఒకరు మా విభాగంలో ఉండేవారు. ఒకనాటి రెండవ షిఫ్టులో గోడ మీది స్విచ్చి పెట్టెలో మంట వాసన వచ్చింది. నాలుగు మీటర్ల ఎత్తు. పరంజా కట్టాలంటే రెండు గంటలు పడుతుంది. నిచ్చెన వేరొక షెడ్డులో ఉంది. ఎదురుగా ఫోర్కులిఫ్టు ఖాళీగా కనిపించింది. దాని ఇనుప కొమ్ముల మీద ఒక చెక్క ప్యాలెట్టు పెట్టి, పెద్దన్నను దాని మీద నిలబెట్టి పైకి లేపాము. అది మొదటిసారి కాదు, అప్పటికి ఎన్నోసార్లు చేసిన పనే. ఆయన పెట్టె తలుపు తెరవడానికి పక్కకు వంగగానే ప్యాలెట్టు ఒక వైపుకు ఒరిగింది. లీవరు పట్టుకున్నది మాలో ఒకరు. అది ఎవరన్నది ఇక్కడ వ్రాయనవసరం లేదు. ఆనాడు అక్కడ ఉన్న ఐదుగురమూ ఆ చెయ్యి మాదేనని ఈనాటికీ అనుకుంటాము.

పెద్దన్న ప్రాణం దక్కింది గాని, వెన్నుపూసకు జరిగిన శస్త్రచికిత్స తరువాత బరువు ఎత్తే పనికి, ఎక్కే పనికి ఆయన అనర్హులయ్యారు. పనిముట్ల గదిలో రిజిస్టరు వ్రాసే పని ఇచ్చారు. విచారణ జరిగింది. ‘కార్మికుడు భద్రతా బెల్టు ధరించకపోవడం ప్రమాదానికి కారణం’ అని నివేదికలో వ్రాశారు. బెల్టు ధరించలేదన్న మాట నిజమే గనుక సాక్షులుగా మేము సంతకాలు చేశాము. సంతకం పెట్టిన ఆ కాగితంలో ప్యాలెట్టు ప్రస్తావన ఒకే ఒక వాక్యంలో ఉన్నదని మాకు తరువాత తెలిసింది. ముందే చదివి ఉంటే తెలిసేది.

ఇక ప్రస్తుతానికి వస్తే, 2025 ఆరంభంలో మా విభాగానికి రెండు కొత్త యంత్రాలు వచ్చాయి. ఒకటి కత్తెర ఆకారపు కాళ్ళతో నిలువుగా లేచే సిజర్ లిఫ్టు. రెండవది పొడవాటి చేతి చివర బుట్ట వేలాడే బూమ్ లిఫ్టు. మార్చి 4వ తేదీ జాతీయ భద్రతా దినం. 1966లో అదే తేదీన జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఆ వారోత్సవాలలో మాకు రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేశారు. భద్రతా శిక్షణ అంటే మా అనుభవంలో ఒక ప్రతిజ్ఞ, ఒక ఉపన్యాసం, ఒక సమోసా. ఈసారి కూడా అంతేనని వెనుక వరుసలో కూర్చున్నాము.

వచ్చిన శిక్షకులు వయసులో మా కంటే చిన్నవారు. 1854లో న్యూయార్క్ ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ అనే ఆయన లిఫ్టు పలక మీద తాను నిలబడి, దానిని మోస్తున్న తాడును అందరూ చూస్తుండగా తెగగొట్టించుకున్న కథతో మొదలుపెట్టారు. తాడు తెగినా పలక పడలేదు, ఆయన అమర్చిన పట్టు కమ్మీలు దానిని ఆపాయి. మనుషులు లిఫ్టును నమ్మడం అప్పటి నుంచి మొదలయిందని చెప్పి, “ఆయన నమ్మకం తాడు మీద కాదు, తాడు తెగిన తరువాత ఏమి జరుగుతుందన్న లెక్క మీద. మనమూ ఆ లెక్కే చేద్దాము” అన్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం లిఫ్టులను ఆరు నెలలకు ఒకసారైనా అర్హుడైన వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్షింపజేయాలని 28వ సెక్షనులోను, పడిపోయే అవకాశం గల ఎత్తున పనిచేసేవారికి కంచె ద్వారానో మరొక విధంగానో రక్షణ కల్పించాలని 32వ సెక్షనులోను నిర్దేశించిందని గుర్తుచేశారు. (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో 2020 నాటి కొత్త స్మృతి అమలుకు వచ్చింది.)

తరువాత సుద్దముక్క తీసుకుని ఆయన చేసిన లెక్క మమ్మల్ని ముందు వరుసకు లాగింది. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడే మనిషి నేలను తాకడానికి పట్టే కాలం 0.9 సెకను. తాకేటప్పటి వేగం గంటకు సుమారు 32 కిలోమీటర్లు. ‘అమ్మా’ అనేంత వ్యవధి కూడా లేదు. నడుముకు కట్టుకునే పాత బెల్టు పడిన వేగమంతటినీ నడుము మీదనే ఆపుతుంది గనుక వెన్ను, కడుపు దెబ్బతింటాయి. అందుకే భుజాలకు, తొడలకు కలిపి కట్టే పూర్తి పట్టీల కవచం వచ్చింది. దాని తాడు పొడవు సుమారు రెండు మీటర్లు. పడినప్పుడు అదురును పీల్చుకునే పట్టీ విచ్చుకుని మరొక మీటరుకు పైగా సాగుతుంది. వీపు మీది కొక్కెం నుంచి పాదాల వరకు మీటరున్నర. ఆపైన ఒక మీటరు ఖాళీ. మొత్తం కలిపితే, కొక్కెం తగిలించిన చోటు నుంచి కిందికి దాదాపు ఆరు మీటర్ల జాగా ఉంటేనే ఆ కవచం మనిషిని నేల తాకకుండా ఆపుతుంది.

గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించింది. మాలో ఒకరు లేచి, “నాలుగు మీటర్ల దగ్గర ఉంటేనో, సార్?” అని అడిగారు. శిక్షకులకు మా కథ తెలియదు. “ఆ పొడవు తాడుతో అయితే ముందు నేల తాకుతాడు, ఆ తరువాత తాడు బిగుస్తుంది. అక్కడ కావలసినది బెల్టు కాదండీ, చుట్టూ కంచె ఉన్న పలక. లేదా అంచు దాకా పోనివ్వని పొట్టి తాడు” అన్నారు.

పదకొండు సంవత్సరాలుగా మేము మోసిన మాట ఒకటే: ‘బెల్టు కట్టుకుని ఉంటే.’ పెద్దన్న కూడా ఆ మాటే మోశారు. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీనులో మేము భోజనం సరిగా చేయలేదు.

రెండవ రోజు అంతా యంత్రాల మీదనే. సిజర్ లిఫ్టులో కంచె, మూసిన తలుపు ఇవే ప్రధాన రక్షణ. మధ్య కమ్మీ మీద కాలు పెట్టి అందుకోవడం, లోపల స్టూలు వేసుకోవడం ఆ రక్షణను మనమే తీసివేయడం. మా యంత్రం మోసేది 230 కిలోలు. ఇద్దరు మనుషులు, పనిముట్ల సంచి, రెండు పాత దీపాల బరువు కూడితే ఆ అంకె ఎంత దగ్గరగా ఉంటుందో తూచి చూపించారు. బూమ్ లిఫ్టు సంగతి వేరు. కింద చక్రం చిన్న గుంటలో దిగితే చాలు, పొడవాటి చేతి చివరనున్న బుట్ట కొరడా విసిరినట్లు ఊగి లోపలి మనిషిని బయటకు విసిరివేస్తుంది. అందువల్ల అందులో పొట్టి తాడుతో బుట్టలోని కొక్కేనికే కట్టుకోవాలి గాని పక్కనున్న దూలానికి కాదు. ఆరుబయట వాడే యంత్రాలలో చాలావాటికి గాలి పరిమితి సెకనుకు 12.5 మీటర్లు, అనగా గంటకు 45 కిలోమీటర్లు. మాది సముద్రతీరం. ఆ గాలి మాకు మధ్యాహ్నపు చుట్టం.

అన్నిటికంటె మమ్మల్ని సిగ్గుపరచిన పరీక్ష మరొకటి. ఇద్దరిని బుట్టలో పైకి పంపి, శిక్షకులు చడీచప్పుడు లేకుండా నడిచి వచ్చి ఎర్ర గుండీ నొక్కివేశారు. “పైనున్నవారికి స్పృహ తప్పిందనుకోండి. దింపండి” అన్నారు. కిందనున్న తొమ్మిది మందిమీ యంత్రం చుట్టూ ప్రదక్షిణం చేశాము. కింది నుంచి నడిపే మీటలు ఏ మూత వెనుక ఉన్నాయో, బ్యాటరీ ఆగినప్పుడు దింపే పిడి ఎటు లాగాలో ఒక్కరికీ తెలియదు. ఆరు నిమిషాలు పట్టింది. పట్టీలలో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి నిమిషాలలోనే ప్రాణం మీదికి రావచ్చునని ఆ తరువాత చెప్పారు. పైకి పోయే వాని కంటె కింద నిలిచే వాడు ఎక్కువ నేర్చుకోవాలన్నది మాకు కొత్త సంగతి.

మాలో ఒకరిది కల్లుగీత కుటుంబం. వారి తాతగారు తెల్లవారుజామున మోకును చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివర వరకు వేళ్ళతో తడిమి చూసుకున్న తరువాతే చెట్టు వైపు నడిచేవారట. ఎవరైనా పలకరించినా తడమడం పూర్తయ్యే దాకా జవాబు చెప్పేవారు కారట. కవచం కుట్లను ఒక్కొక్కటే పరీక్షించమని శిక్షకులు అన్నప్పుడు అతనికి వేరే చెప్పవలసిన పని లేకపోయింది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టిన వార్తను కత్తిరించి అతను లాకరు తలుపుకు అంటించుకున్నాడు.

శిక్షణ ముగింపులో అభిప్రాయాలు వ్రాయమన్నారు. మేము అందరమూ కలిసి ఒకటే వ్రాశాము. ఈనాడు ఎత్తు పనులలో ఎక్కువ భాగం చేస్తున్నది మేము కాదు, కాంట్రాక్టు కుర్రవాళ్ళు. వాళ్ళను ఈ గదిలోకి పిలవలేదు. మేము నేర్చుకుని కింద నిలబడితే, నేర్చుకోనివాడు పైకి పోతున్నాడు. ఈ మాట వ్రాసినందుకు ఒకరిద్దరు అధికారులు మొదట ముఖం చిట్లించిన మాట దాచనక్కర లేదు. అయినా జూన్ నెలలో వారికి రెండు బృందాలుగా శిక్షణ జరిగింది. శిక్షకుల పక్కన నిలబడి, ఎర్ర గుండీ నొక్కే పని ఈసారి మాకు దక్కింది. కుర్రవాళ్ళు నాలుగు నిమిషాలలో దింపారు.

శిక్షణ ముగిసిన రోజు సాయంత్రమే పనిముట్ల గదికి పోయి పెద్దన్నకు ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాము. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు కూడి చూశారు. చాలాసేపటి తరువాత, “ఈ మాట ఇంటికొచ్చి మీ వదినకు చెప్పండర్రా” అన్నారు. ఆదివారం నాడు వెళ్ళాము. వదినగారు కాఫీ ఇచ్చి, వాకిలి దగ్గరే నిలబడి అంతా విన్నారు. బెల్టు పెట్టుకోలేదని ఇన్నేళ్ళూ ఆయనను సాధించిన సంగతి ఆమె తానే చెప్పి, పమిటచెంగుతో ముఖం తుడుచుకున్నారు. ఆమె మమ్మల్ని నిందించలేదు. ఒక్కటే అడిగారు: “అయితే బాబూ, ఆ కాగితంలో మార్చి వ్రాస్తారా?”

ఆనాటి నివేదికకు ఒక వివరణ జతపరచవలసినదిగా కోరుతూ ఐదుగురమూ సంతకాలతో అర్జీ పెట్టాము. ఈసారి చదివి సంతకం చేశాము. ప్యాలెట్టు మీద మనిషిని లేపినది మేమేనని మొదటి వాక్యంలోనే వ్రాశాము. ఈ వ్యాసం అచ్చుకు పంపేనాటికి సమాధానం రాలేదు.

కవచాలన్నీ ఇప్పుడు పెద్దన్న చేతి మీదుగానే బయటకు పోతాయి, సాయంత్రానికి తిరిగి ఆయన బల్ల మీదికే వస్తాయి. మొన్న ఒక కుర్రవాడు తెచ్చిన దానిలో తొడ పట్టీ దగ్గర రెండు కుట్లు లేచి ఉన్నాయి. “ఈ ఒక్క రోజుకీ పనికొస్తుందిలే అన్నా” అన్నాడు వాడు. పెద్దన్న సొరుగులోంచి పెద్ద కత్తెర తీసి, పట్టీని వాని ఎదుటనే రెండు ముక్కలు చేసి, రిజిస్టరులో ఆ నంబరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, బీరువాలోంచి కొత్తది తీసి ఇచ్చారు.